గోడ గడియారం కోసం పది కిలోమీటర్లు

పరుగు పందెంలో ఓడిపోయినవాళ్లు లోకంలో లెక్కలేనంత మంది ఉంటారు. పరుగెత్తి, ముగ్గురిలో మూడోవాడిగా వచ్చి, ఆ దెబ్బతో ఆరేళ్ల నౌకరీని, రెండు గదుల క్వార్టర్‌ను, పెళ్లాం పెంచిన మునగచెట్టును పోగొట్టుకున్నవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. వాడి ముఖం నేను గడ్డం గీసుకునేటప్పుడల్లా అద్దంలో కనిపిస్తుంది. ఆ కథ చెబుతాను. మీరు నవ్వుకోండి. నాకు నవ్వే ఓపిక లేదు, మోకాళ్లు నొస్తున్నాయి.

మహారాష్ట్రలో చంద్రపూర్ దగ్గర ఒక బొగ్గు గనిలో నేను పంపు ఖలాసీని. గనిలో ఊరే నీళ్లను పంపు తోడుతుంది. అది నడుస్తోందో లేదో పక్కన కూర్చుని చూడడం నా పని. పంపు నడిచేది, నేను కూర్చునేవాడిని. ముప్పై ఏళ్లు మా ఇద్దరి కాపురం ఏ గొడవా లేకుండా సాగింది.

గనిలో చేరిన రోజు గుమాస్తా "వయసెంత?" అన్నాడు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. "ఎంత కనవడితే అంత రాసుకోండ్రి సాబ్" అన్నాను. సంతలో ఎద్దును చూసినట్టు నా పళ్లు చూశాడు, మీసం చూశాడు, ఒక అంకె వేశాడు. అసలుకన్నా ఏడేళ్లు తక్కువ పడింది. రజాకార్ల గడబిడ నాటికి నాకు మూతి మీద మీసం మొలుస్తోంది. ఆఫీసు పుస్తకం ప్రకారం అప్పటికి నాకింకా పాలపళ్లు ఊడుతున్నాయి. మా గనిలో సగంమంది సంగతి ఇదే. మాకు అమ్మ కన్న వయసు ఒకటి, గుమాస్తా కన్న వయసు ఒకటి. అన్నం పెట్టేది రెండోది.

అవి ఢిల్లీలో కొత్త పద్ధతులు మొదలైన రోజులు. గనులకు మనుషులు ఎక్కువయ్యారని, పెద్దవాళ్లు తమంతట తామే వెళ్లిపోతే బాగుంటుందని ఆఫీసులో కాగితాలు పంచుతున్నారు. దానితో కాలనీలో ముసలివాళ్లంతా ఒక్క నెలలో పడుచువాళ్లయిపోయారు. నా జతగాడు కొమురయ్య ప్రతి ఆదివారం మీసానికి నల్లరంగు పూసేవాడు. చినుకు పడితే గడప దాటేవాడు కాదు.

సరిగ్గా అప్పుడే నాకు చదువు పట్టింది. కాలనీలో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టారు. అక్కడ మరాఠీ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు ఇంట్లో నా పెళ్లాం రూతమ్మ నేర్పింది. ఆమె చర్చిలో వాక్యం చదివే మనిషి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త చదువరి అసలే ఎరగడు. సబ్బు మీది కాగితం చదివాను. బస్సు మీది బోర్డు చదివాను. ముట్టుకుంటే చస్తారని కరెంటు డబ్బా మీద రాసింది ముట్టుకుని మరీ చదివాను. అన్నీ బిగ్గరగానే.

అట్లాగే ఒకరోజు టీ కొట్టు గోడ మీది కాగితం చదివాను. కుస్తీలు నేర్పే ఒక తాలీంఖానా కుర్రాళ్లు పరుగు పందెం పెడుతున్నారు. చంద్రపూర్‌లో జట్పురా గేటు నుంచి బల్లార్‌పూర్ రోడ్డు మీద పోయి రావాలి, మొత్తం పది కిలోమీటర్లు. వయసును బట్టి మూడు జట్లు. ప్రతి జట్టులో మొదటివాడికి గోడ గడియారం.

"మా ఇంట్ల గడియారం లేదు. రూతమ్మ గని సైరన్ తోనే అన్నం వండుతది" అన్నాను.

కొమురయ్య టీ పొరబోయేలా నవ్వాడు. "నువ్వు ఉరుకుతవా దావీదన్నా? నీ కంటె నీ పంపు నయం, అది కనీసం ఆడుతది!"

"చూస్తుండు. గడియారం కొట్టుకొస్త."

"గడియారం కాదు, గుండె కొట్టుకుంటది. ఆగిపోకుంట చూస్కో."

మరునాటి నుంచి పొద్దున్నే పరుగు. కాళ్లకు గని వాళ్లిచ్చిన బూట్లు, ముందర ఇనుప మూతి ఉన్నవి. ఒక్కోటి ఎత్తి వేస్తుంటే కాలికి రోలు కట్టుకుని నడుస్తున్నట్టు ఉండేది. బొగ్గు లారీలు పక్కనుంచి పోతే వెళ్లేటప్పుడు తెల్లగా ఉన్న బనీను వచ్చేటప్పటికి కొమురయ్య మీసంలా అయ్యేది. వీటన్నింటికంటే పెద్ద బాధ గడ్‌చాందూర్ బస్సు. అరవై ఏళ్ల మనిషి రోడ్డు వెంట ఊరికే పరుగెత్తుతాడని పాపం ఆ డ్రైవరుకు తెలియదు. నేను బస్సు కోసమే ఉరుకుతున్నాననుకుని రోజూ ఆపేవాడు.

"కాకా, దమ్ము తీస్కో, ఆగినం గదా! ఎక్కు!" అని కండక్టరు తలుపు తెరిచేవాడు.

"నేను రాను, ఉరుకుతున్న!"

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు!"

బస్సులో వాళ్లంతా కిటికీలోంచి నన్ను జాలిగా చూసేవాళ్లు. ఐదో రోజు మోకాళ్లు మొరాయించాయి. ఎక్కేశాను. నన్ను నిందించకండి, అది మర్యాద. రోజూ పిలిచే మనిషిని ఎన్నాళ్లని కాదంటాం?

పందేనికి పేర్లు రాసుకునే రోజు కొమురయ్య చెవిలో చెప్పాడు. "దావీదన్నా, అరవై లోపటి జట్టుల ఇరవై మంది ఉన్నరు. అండ్ల ఒకడు పోస్ట్‌మ్యాన్, వానికి రోజూ అదే పని. అరవై దాటినోళ్ల జట్టుల ఇద్దరే ఉన్నరు."

"నేను దాటిన గదా! అసలుకైతే అరవై ఒకటి."

"అసలుది ఎవనికి గావాలె? పుస్తకంల యాబై నాలుగు. ఎందుకొచ్చిన లొల్లి?"

"పందెపోళ్లకు, ఆఫీసుకు ఏం సంబంధం?"

ఫారం ఇచ్చిన అమ్మాయి "నేను నింపనా కాకా?" అంది. వద్దన్నాను. నా జన్మలో నేను నింపిన మొదటి ఫారం అది. పేరు, ఊరు, వయసు, జట్టు, అన్నీ నా చేతితోనే. అరగంట పట్టింది. వెనక నిలబడ్డవాళ్లు పందేనికి ముందే అలసిపోయారు.

పందెం గురించి ఎక్కువ చెప్పను, చెబితే ఆయాసం వస్తుంది. మా జట్టులో నేను కాక ఒక ముసలి పంతులు, ఒక కూరగాయల రైతు. పంతులుకు డెబ్బై ఉంటాయి, గాలి తోస్తే పోయే మనిషి. ఆ రోజు గాలి ఆయన వైపే వీచినట్టుంది. రైతు రోజూ గంప నెత్తిన పెట్టుకుని నడిచేవాడట, గంప లేకపోయేసరికి ఎగిరిపోయాడు. నేను తిరుగుదారిలో ఒక కిలోమీటరు రాయి మీద కూలబడ్డాను. లేవబోతూ దాన్ని చదివాను. చంద్రపూర్ ఇంకా మూడు కిలోమీటర్లు. చదువు రాని రోజుల్లో రాయి రాయిలాగే ఉండేది, ఇంత ఏడుపు ఉండేది కాదు.

మూడోవాడిగా వచ్చాను. గడియారం పంతులుకు పోయింది. నాకు రంగుల అంచు ఉన్న సర్టిఫికెట్ ఇచ్చారు. అందులో నా పేరుంది. నేను చదవగలిగిన నా పేరు.

రూతమ్మ దాన్ని రెండుసార్లు చదివి మడత పెట్టింది. "మంచిగున్నది. బైబిల్ల వెడత. ఆఫీసుకు మాత్రం కొంటవోకు."

"ఎందుకే?"

"ఎందుకా? ఇండ్ల అరవై దాటినోడని రాసున్నది, గనిల అరవైకే ఇంటికి పంపుతరు. నౌకరీ ఉంటెనే ఈ క్వార్టర్. నా మునగచెట్టుకు ఇప్పుడిప్పుడే కాయ వడుతున్నది. ఇంకో ఆరేండ్లు నీ నోరు మూసుకోని పంపు కాడ కూసో, నీకు దండం వెడత."

"నాకు తెల్వదా? నేను చదువుకున్నోన్ని" అన్నాను. మాట తప్పలేదు. మూడు రోజులు ఆగాను. నాలుగో రోజు సర్టిఫికెట్ తీసుకుని ఆఫీసుకు పోయాను.

ముప్పై ఏళ్లు నేను వేలిముద్ర వేసిన బల్ల అది. హెడ్ గుమాస్తాను అందరం బడేబాబు అనేవాళ్లం. మరాఠీ మనిషి, మంచివాడు. ఆయన పక్కన, మనుషుల లెక్క చూడడానికి పైఆఫీసు నుంచి వచ్చిన కొత్త సాబ్ కూర్చుని ఉన్నాడు. కొమురయ్య ఏదో సంతకానికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. నాకు ఆ సాబ్ కనబడలేదు. వినేవాళ్లు నలుగురున్నారన్నది మాత్రమే కనబడింది.

"బడేబాబూ, చదివి వినిపిస్త" అని మొదలుపెట్టాను. పేరు చదివాను. ఊరు చదివాను. "వయోగట్... సాఠ్ వర్షాంవరీల్" అని గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి చదివాను. అంటే అరవై ఏళ్లు దాటినవారి జట్టు.

కొత్త సాబ్ తల ఎత్తాడు.

బడేబాబు ముఖంలో నెత్తురు లేదు. అయినా గట్టి మనిషి. నా వైపు చూసి ఒక కన్ను మూసి తెరిచాడు. "పందెం వాళ్లు పొరపాటున తప్పు రాసినట్టున్నారు. అంతే కదా దావీద్?" అన్నాడు.

చదివేవారలారా, ఇక్కడ కాస్త ఆగండి. ఆ మనిషి నా ముందర తలుపు బార్లా తెరిచి పెట్టాడు. నేను "అంతే బాబూ" అంటే చాలు, ఆరేళ్లు మునగకాయ పులుసు. కానీ నాకు వినబడింది ఒక్క 'తప్పు' అన్న మాటే.

"తప్పా?" అన్నాను. "ఆ ఫారం నింపింది నేను! నా చేతితోని! ఒక్క అక్షరం తప్పుంటె చెప్పున్రి!"

"దావీద్, వయసు దగ్గర..." బడేబాబు ఇంకోసారి కన్ను కొట్టాడు.

"అరవై ఒకటి! అంకె గూడ నేనే వేసిన!"

గోడ దగ్గర కొమురయ్య మెల్లగా తన మీసం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు చూశాను కొత్త సాబ్‌ను. ఆయన నా సర్వీసు పుస్తకం తెప్పించమంటున్నాడు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతితో పాటు నౌకరీ కూడా పోయింది. అసలు వయసు తేల్చడానికి పెద్దాసుపత్రిలో ఎముకల ఫోటో తీశారు. మీసానికైతే రంగు వేయొచ్చు, ఎముకలకు వేయలేం కదా. నెలాఖరున ఇంటికి పొమ్మన్నారు.

వీడుకోలు రోజు మెడలో దండ వేశారు. బడేబాబు నా కళ్లలోకి చూడకుండా రంగు కాగితం చుట్టిన డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. ఇంటికి తెచ్చి విప్పాం. గోడ గడియారం.

రూతమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "కొట్టుకొస్త అన్నవు" అంది. "కొట్టుకొచ్చినవు. ఇగ తగిలిద్దామంటె గోడ లేదు."

క్వార్టర్ ఖాళీ చేసి కోఠారి ఊళ్లో అద్దె ఇంటికి పోయాం. రూతమ్మ మునగకొమ్మ ఒకటి నరికి తడి గుడ్డ చుట్టి తెచ్చుకుంది, అక్కడ నాటడానికి. బల్లార్‌పూర్ దాకా ఆ గడ్‌చాందూర్ బస్సే. ఒక చేతిలో కొమ్మ, ఒక చేతిలో గడియారంతో ఎక్కుతుంటే కండక్టరు గుర్తుపట్టాడు.

"ఏంది కాకా, ఇయ్యాల ఉరుకుత లేవా?"

"లేదు బిడ్డా, చేరుకున్న" అన్నాను.

కొమురయ్య అబద్ధపు వయసుతో మరో ఎనిమిదేళ్లు హాయిగా పనిచేశాడు. మునగకొమ్మ చిగురించింది. గడియారం నడుస్తోంది, రోజుకు ఐదు నిమిషాలు వెనక. నాలాంటిదే.

కాబట్టి ఈ నొప్పి మోకాళ్ల మీద చెయ్యి వేసి, గని పంపు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నేను పరుగెత్తను, కుక్క తరిమినా సరే. ఎవరైనా పెద్దమనిషి కన్నుకొట్టి "తప్పు పడింది కదా" అంటే, తప్పంతా నాదేనని ఒప్పుకుంటాను. మొన్న ఓటర్ల లిస్టు రాసుకునే అతను గుమ్మంలోకి వచ్చి "వయసెంత తాతా?" అన్నాడు. రూతమ్మ లోపలి నుంచి దగ్గింది. నేను చేతులు కట్టుకుని, చదువు రాని రోజుల్లో నాకున్న తెలివినంతా మళ్లీ కూడగట్టుకుని చెప్పాను:

"ఎంత కనవడితే అంత రాసుకోండ్రి సాబ్."