గిటార్ నేర్చుకుంటున్న మిత్రుడు

కోవిడ్ సద్దుమణిగి ముఖాముఖి పరీక్షలు మళ్లీ మొదలైన చలికాలంలో నన్ను గురుగ్రామ్ కేంద్రానికి వేశారు. అప్పట్లో నేను ఢిల్లీలో ధౌలా కువాన్ వైపు ఒక కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌ని. శని, ఆదివారాల్లో మాత్రం విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్షలో మౌఖిక విభాగానికి ఎగ్జామినర్‌గా పనిచేసేదాన్ని. ఇప్పుడు రెండింటి నుంచీ రిటైరయ్యాను. ఆర్.కె. పురంలో మావారి క్వార్టర్ నుంచి పొద్దున్నే మంచులో బయలుదేరి మెట్రోలో వెళ్లేదాన్ని. అక్కడొక హోటల్లో పెళ్లిళ్ల హాలును చెక్క పలకలతో చిన్న గదులుగా విడగొట్టి, ఒక్కో గదిలో ఒక్కో ఎగ్జామినర్‌ని కూర్చోబెట్టేవారు.

ఎగ్జామినర్ అంటే ప్రశ్నలడిగే పెద్దమనిషి అనుకుంటారు. నిజానికి మాకు సొంత నోరు ఉండదు. ప్రతి మాటా ముందే అచ్చువేసి ఇచ్చిన పుస్తకంలోంచే చదవాలి. ప్రశ్నను ఒక్కసారి మళ్లీ చదవవచ్చు, విడమరచి చెప్పకూడదు. బాగుందని తల ఊపకూడదు, బాగాలేదని ముఖం ముడుచుకోకూడదు. అభ్యర్థి భాష మనకు వచ్చినా రానట్టే ఉండాలి. బల్ల మీద రికార్డర్ తిరుగుతుంటుంది. ధారాళంగా మాట్లాడడం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ, ఈ నాలుగింటికీ నాలుగు గడుల్లో మార్కులు వేయాలి. నర్సులకు విదేశంలో రిజిస్ట్రేషన్ కావాలంటే పెద్ద మార్కే రావాలి. అర మార్కు తగ్గినా అక్కడి ఆసుపత్రి తలుపు తెరుచుకోదు.

ఆ వ్యాకరణం గడిలో ఎక్కువమందిని ముంచేది ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యువస్ టెన్స్. ఎప్పుడో మొదలై ఇంకా సాగుతున్న పనిని చెప్పడానికి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న ఏర్పాటు అది. మనం ‘పదేళ్ల నుంచి పనిచేస్తున్నాను’ అంటాం. అందులో ‘చేస్తున్నాను’ ఇవాళ్టికీ సరిపోతుంది, పదేళ్లకూ సరిపోతుంది. హిందీలోనూ అంతే. అందుకే మార్కాపురం పిల్లయినా మీరట్ పిల్లయినా ‘ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టెన్ ఇయర్స్’ అనేస్తారు. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ టెన్ ఇయర్స్’ అనాలి. మొదలైన సమయం చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. క్లాసులో అందరికీ వస్తుంది. రికార్డర్ ఎదురుగా కూర్చోగానే ఎగిరిపోతుంది.

ఈ భయం మీదే ఢిల్లీ కోచింగ్ సెంటర్లు బతుకుతాయి. టెన్స్ నేర్పడానికి ఓపికెక్కడిది? అది తప్పు లేకుండా నిండి ఉన్న కథ ఒకటి తయారుచేసి బ్యాచ్ మొత్తానికీ బట్టీ పట్టిస్తారు. ఆ ఏడాది కథలో ఒక మిత్రుడు చిన్నప్పటి నుంచీ గిటార్ నేర్చుకుంటూ ఉంటాడు. రోజూ తెల్లవారుజామునే లేచి సాధన చేస్తూ ఉంటాడు, ఇరుగుపొరుగు తిడుతూ ఉంటారు. ఎంతమందికి స్నేహితుడో ఆ మహానుభావుడు! ఏళ్ల తరబడి నేర్చుకున్నా ఒక్క పాట కూడా వాయించలేదు. టీ విరామంలో మేం ఎగ్జామినర్లం ‘మీ గదికి వచ్చాడా?’ అని ఒకరినొకరు అడిగి నవ్వుకునేవాళ్లం.

నవ్వుకున్నా నియమం నియమమే. బట్టీ పట్టిన భాగమని తేలితే దాన్ని లెక్కలోంచి తీసేయాలి. మిగిలిన మాటలకే మార్కులు వేయాలి.

ఒక శనివారం పొద్దున సునీత వచ్చింది. ప్రకాశం జిల్లా అమ్మాయి, గురుగ్రామ్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఊరు, ఉద్యోగం గురించిన మొదటి ప్రశ్నలకు బెదురుతూనే అయినా బాగానే జవాబిచ్చింది. తర్వాత కార్డు అందించాను. చాలాకాలంగా ఒక కష్టమైన పనిని ఓపిగ్గా చేస్తున్న వ్యక్తి గురించి చెప్పమని అందులో ఉంది. ఆలోచించుకోవడానికి నిమిషం, మాట్లాడడానికి రెండు నిమిషాలు.

ఆమె గిటార్ మిత్రుణ్ణే తీసుకొచ్చింది. ఒక్క తప్పు లేదు. ‘హావ్ బీన్’, ‘హాజ్ బీన్’ ఎక్కడివక్కడ అమిరిపోయాయి. నేను పెన్సిలు పట్టుకుని, కొట్టివేయవలసిన భాగం ఎక్కడ ముగుస్తుందా అని వింటున్నాను. రెండు నిమిషాలూ అయ్యాక పుస్తకంలో ఉన్న ముగింపు ప్రశ్న చదివాను. ఆ వ్యక్తి ఇంకా ఎంతకాలం ఆ పని చేయగలరని మీరనుకుంటున్నారు?

కోచింగ్‌లో ఈ ప్రశ్నకు జవాబు ఇచ్చినట్టు లేదు. సునీత బల్ల అంచు పట్టుకుని కూర్చుంది. తర్వాత, ‘మేడమ్, దేర్ ఈజ్ నో ఫ్రెండ్’ అంది.

అక్కడి నుంచి ఆమె ఇంగ్లీషు కుప్పకూలింది. ‘మై బ్రదర్ ఈజ్ లైయింగ్ ఆన్ బెడ్ సిన్స్ ఫోర్ ఇయర్స్’ అని మొదలుపెట్టింది. స్లాబు పనిలో మీద నుంచి పడ్డాడట తమ్ముడు. నడుము కింద స్పర్శ లేదు. పుండ్లు పడకుండా తల్లి రాత్రింబవళ్లు అతన్ని ఇటూ అటూ తిప్పుతోందట. తను మాత్రం ఇక్కడ పరాయివాళ్లను తిప్పుతోంది. తల్లికి చేతులు పట్టేశాయి, ఇంకెంతకాలం చేయగలదో తెలియదు. ఐర్లండ్‌లో ఒక ఆసుపత్రి తన కోసం ఉద్యోగం ఆపి ఉంచింది. ఈసారి మార్కు రాకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. అక్కడికి వెళితే తల్లికి సాయంగా ఒక మనిషిని పెట్టగలదు. ఇదంతా ఆమె చెప్పింది. ఏళ్లుగా సాగుతున్న ప్రతి పనినీ ‘ఈజ్ డూయింగ్’ అనే చెప్పింది. ప్రతి ‘ఫర్’ దగ్గరా ‘సిన్స్’ పెట్టింది.

నేను గడియారం చూసి, థాంక్యూ చెప్పి, తర్వాతి విభాగంలోని ప్రశ్న చదివాను. నేటి సమాజంలో ఓపిక తగ్గిపోతోందని మీరు భావిస్తున్నారా? ఆ పుస్తకాన్ని విసిరికొట్టాలనిపించింది. ఆమె ‘ఎస్ మేడమ్’ అని ఊరుకుంది. మిగతా ప్రశ్నలకూ అంతకంటే పెద్ద జవాబులు రాలేదు.

రికార్డర్ కట్టేశాక తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. నా బ్యాడ్జి మీది పేరు చూసినట్టుంది.

‘మేడమ్, మీరు మన తెలుగోళ్లే గదా. నేను చెప్పింది సరిపోద్దా?’

ఆ ప్రశ్నకు పుస్తకంలో ఒకే జవాబు ఉంది. మీ పరీక్ష ముగిసింది, ధన్యవాదాలు. దాన్నే ఇంగ్లీషులో చదివాను. ఆమె ‘ఠీక్ హై మేడమ్’ అని వెళ్లిపోయింది.

బట్టీ అనుమానం ఉన్న రికార్డింగును సీనియర్ ఎగ్జామినర్ మళ్లీ వినాలి. మా సీనియర్ చండీగఢ్ నుంచి వచ్చే పంజాబీ ఆవిడ, ఈ పనిలో నాకంటే పాత మనిషి. సాయంత్రం హెడ్‌ఫోన్ పెట్టుకుని మొత్తం విన్నది. తీసి పక్కన పెట్టి, ‘లడ్కీ సచ్ బోల్ రహీ థీ’ అంది. అమ్మాయి నిజమే చెబుతోంది అని. గిటార్ భాగాన్ని నియమం ప్రకారం కొట్టివేయాలి. మొదటి చిన్న జవాబులు పోగా మిగిలింది ఆ తమ్ముడి సంగతే. అందులో ఒక్క వాక్యమూ నిలబడదు. ‘నిజం చెప్పినందుకు మార్కు వేయడానికి మన షీటులో గడి లేదు కదా’ అని తను వేసిన మార్కు చూపించింది. నేను వేసిందీ అదే. కావలసిన దానికి అర మార్కు తక్కువ.

ఫలితం ఏమైందో, ఆ తర్వాత అభ్యర్థి ఏం చేసిందో ఎగ్జామినర్లకు తెలియనివ్వరు. తెలుసుకునే ప్రయత్నం చేస్తే పని పోతుంది. సునీత మళ్లీ నా గదికి రాలేదు. ఆ తర్వాత నేను పనిచేసినన్నాళ్లూ, అబద్ధాన్ని కాస్త తెలివిగా, కథలో పేర్లూ ఊళ్లూ మార్చి చెప్పినవాళ్లకు మంచి మార్కులు వేస్తూనే వచ్చాను. బట్టీ అని రుజువు చేయలేనప్పుడు వేయక తప్పదు.

ఆ రోజు నేను నేర్చుకున్నది ఒక్కటే. ఏళ్లుగా సాగుతున్న కష్టాన్ని సరైన టెన్సులో చెప్పగలిగేవాళ్లు చాలావరకు ఆ కష్టం పడనివాళ్లు. పడుతున్నవాళ్లకు వాక్యం సరిచూసుకునే తీరిక ఉండదు. పరీక్ష కొలిచేది వాక్యాన్నే. సునీతకు నేను వేసిన మార్కు సరైనదే. ఇవాళ కూర్చోబెట్టి మళ్లీ వేయమన్నా అదే వేస్తాను.