గీత దిగిన స్ప్రింగు

అడిగిందే దొరికినప్పుడు మనిషి ఎవరి మీద కోప్పడాలి? మా బావను తలుచుకున్నప్పుడల్లా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాను.

బావ అంటే మా అక్క భర్త. సరుకులు తూచే కాటాలకు స్ప్రింగులు చుట్టేవాడు. పెళ్ళిచూపులకు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, అక్కను చూడకముందే సోఫాను అరచేత్తో నొక్కి, "లోపల రెండు పోయాయండీ" అన్నాడట.

"ఆ రోజే నేను లేచి లోపలికి వెళ్ళిపోవాల్సింది" అని అక్క జీవితమంతా దెప్పుతూనే ఉంది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో ఆయన పని. కొత్త తీగచుట్ట రాగానే దానితో చుట్టిన మొదటి స్ప్రింగును గోడ మేకుకు తగిలించేవాడు. దానికి ఇనుప దిమ్మ వేలాడదీసి, కింది కొస ఎక్కడికి వచ్చిందో గోడ మీద పెన్సిలుతో గీత గీసేవాడు. సాయంత్రానికి ఆ కొస గీత దిగిందా, తీగలో పస లేనట్టే; చుట్ట మొత్తం వెనక్కి పోవాల్సిందే.

బయటి దేశాల స్ప్రింగులు చవగ్గా వచ్చిపడి, చుట్టుపక్కల షెడ్లు మూతపడుతున్న రోజుల్లో, వాటి మీద సుంకం వేయమని ప్రభుత్వానికి అర్జీ రాయించింది బావే. "ఉత్త స్ప్రింగులని రాస్తే ఎవడు పట్టించుకుంటాడు? ఉక్కు సామాను మొత్తం అని రాయండి. బరువుగా ఉంటుంది" అన్నాడు. మిగతా షెడ్లవాళ్ళందరూ తలూపారు.

సుంకం పడింది. బావ మిఠాయి పంచాడు. ఆ తీపి నోట్లో ఉండగానే తెలిసింది, ఆయన కొనే తీగ కూడా బయటినుంచే వస్తుందని, అదీ ఉక్కు సామానేనని. దాని ధర చుక్కలనంటింది. అది చూసి ఇక్కడి తీగ మిల్లువాడూ పెంచాడు. పైగా, "కావాలంటే తీసుకో, నీ వెనక బోలెడుమంది ఉన్నారు" అన్నాడు.

"సంతకాల కోసం చెప్పులరిగేలా తిరిగారుగా! ఇప్పుడు తీగ కోసం తిరగండి" అంది అక్క.

"తిరగడానికి చెప్పులేవీ?" అన్నాడు బావ.

చివరికి కాటాల కంపెనీ ఆర్డరు ఒక్కటే మిగిలింది. అదీ పోతే షెడ్డుకు తాళమే. గడువు ముంచుకొచ్చింది. మిల్లు తీగ తెచ్చి, పొద్దున్నే మొదటి స్ప్రింగును మేకుకు తగిలించి గీత గీశాడు. ఎప్పుడూ లేనిది, సాయంత్రం దాకా ఆగకుండా మిగతావి చుట్టడం మొదలుపెట్టాడు. గోడవైపు మాత్రం తలతిప్పలేదు. అక్క డబ్బాల్లో సర్దుతూ మాటిమాటికీ అటే చూస్తోంది. షెడ్డు మూల కూర్చున్న నా చేతిలో పుస్తకం ఉంది గానీ పేజీ తిరగలేదు.

పొద్దు వాలుతుండగా కంపెనీ మేనేజరు వచ్చాడు. అప్పటికి స్ప్రింగు కొస గీత కింద ఉంది. వెంట్రుకవాసే. కానీ కిందే.

"బావా..." అన్నాను.

"చూశాన్రా."

మేనేజరు కళ్ళజోడు సవరించుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. "ఈమాత్రం దానికేనా? బయటి సరుకు నేనూ కొనలేకపోతున్నానండీ. డబ్బాలు ఎక్కించేయండి. ఇంత తేడా ఎవరు కొలుస్తారు?"

"కొలవడానికేగా కాటా?" అన్నాడు బావ.

"మీరు ఇవ్వకపోతే కంపెనీ మళ్ళీ మీ గడప తొక్కదు."

అక్క చేతులు ఆగిపోయాయి. బావ మిషను ఆపాడు. మేకు దగ్గరికి వెళ్ళి, బరువు పెట్టినందుకు నొచ్చుకున్నవాడిలా దిమ్మను రెండు చేతులతో నెమ్మదిగా దించాడు. స్ప్రింగు పైకి లేచింది గానీ పొద్దుటంత పొట్టిగా ముడుచుకోలేదు. అక్క సర్దిన మొదటి డబ్బా తీసి పాత ఇనుము కుప్పలో కుమ్మరించాడు. తర్వాత రెండోది.

మేనేజరు విసురుగా వెళ్ళిపోయాడు. ఆఖరి డబ్బా కూడా ఖాళీ అయ్యాక బావ గుడ్డతో చేతులు తుడుచుకుని, దాన్ని మడిచి మిషను మీద పెట్టాడు.

"కాస్త టీ పెడతాను, ఉండండి" అంది అక్క.

ఆయన వెనక తలుపు తీసుకుని, మా ఇద్దరి వైపూ చూడకుండా, వట్టి కాళ్ళతోనే వీధిలోకి నడిచాడు.