తోకలు చూసిన ఉదయం

1946 ఆగస్టు 12, సోమవారం. ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు. తెల్లవారుజామున కురిసిన జల్లు ఆగింది, మబ్బు పలచగా ఉంది, పడమటి గాలి. ఇవన్నీ నా జేబు పుస్తకంలో ఉన్న వివరాలే గాని జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నవి కావు. ఆ రోజుల్లోనూ నేను జ్ఞాపకాన్ని నమ్మేవాణ్ణి కాను. నా కళ్ళను మాత్రం పూర్తిగా నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం అదే ఉదయం ఎనిమిది గంటల అయిదు నిమిషాలకు పోయింది.

అప్పటికి నా వయసు ఇరవై ఏళ్ళ నాలుగు నెలలు. వెల్దుర్తి దాటాక మందలు అడవిలోకి వెళ్ళే దారి దగ్గర అటవీశాఖ తాత్కాలిక గుమాస్తాను. మూడు నెలల పరీక్షాకాలం ఇంకో అయిదు రోజుల్లో ముగుస్తుంది. ఉద్యోగం ఖాయం కావాలంటే రేంజరుగారు నా గురించి ఒక్క వాక్యం రాయాలి. (రాయకపోతే, సత్తెనపల్లిలో లెక్కల మేష్టారైన మా నాన్నగారి ఎదుట నిలబడి, లెక్కపెట్టడం చేతగాక తిరిగి వచ్చానని చెప్పుకోవాలి.) పని చెప్పడానికి సులువు: గొర్రెలను లోపలికి పంపాలి, మేకలను ఆపాలి. మేకలు లేత మొక్కలను బతకనివ్వవు. అయితే ఆ ప్రాంతపు గొర్రెలు కూడా పొడుగు కాళ్ళతో, పొట్టి వెంట్రుకలతో మేకల్లాగే ఉంటాయి. ముఖం చూసి పోల్చబోతే మోసపోతాం. నాకు ముందు పనిచేసినతను నేర్పిన సూత్రం ఒకటే: తోక నిక్కితే మేక, వేలాడితే గొర్రె. మూడు నెలలుగా నేను తోకలు తప్ప మరొకటి చూడలేదు.

ఆ ఉదయం మంద తోలుకొచ్చినది కంబళి తాత. (రోహిణికార్తెలోనూ కంబళి విడవడు గనక ఆ పేరు.) ముళ్ళకంప దడిలో రెండు గొర్రెలు పట్టేంత సందు ఉంది. దాని పక్కన రాయి మీద కూర్చుని, ఇరవై గొర్రెలు దాటినప్పుడల్లా ఎడమ జేబులోని చింతగింజ ఒకటి కుడి జేబులో వేయడం నా పద్ధతి.

"మేకలున్నాయా తాతా?"

"రెండున్నయ్ బాబూ, మందకు ముందు నడిచేయి. అదిగో, ఆ తుమ్మకు కట్టేసినా."

"ఊడివచ్చినా ఫరవాలేదు. నా చూపు దాటి ఏదీ పోదు."

"మా ముసల్దీ అట్టనే అంటది. పొయ్యి మీద పాలు చూస్తా చూస్తా, పిల్లి చేపనెత్తుకపోతే చూడదు."

పదిహేను గింజలు జేబు మారాయి, ఆపైన పన్నెండు. గొర్రెలు మూడు వందల పన్నెండు, మేకలు సున్నా. తృప్తిగా రిజిస్టరు మూసి తలెత్తాను. దడికి లోపలి వైపున రేంజరుగారు నిలబడి ఉన్నారు. ఆరడుగుల మనిషి, నెత్తిన గంపంత టోపీ, చేతిలో బెత్తం.

"ఏమోయ్, నేను లోపలికి ఎట్లా వచ్చాను?"

"అటు వైపు నుంచి వచ్చి ఉంటారండీ."

"అటు దారి ఎక్కడుంది? ఈ సందులోనే, గొర్రెల మధ్యన వచ్చాను. కాస్త జరగవయ్యా అన్నాను. జరిగావు కూడాను!"

నేను నమ్మలేక తాత వైపు చూశాను.

"నిజమే బాబూ. దొరగారి బూటు తగిల్తే కాలు గూడా ముడుచుకుంటివి."

"మరి నాకెందుకు కనపడలేదు?"

"నాకు తోక లేదు గనక!" అన్నారు రేంజరుగారు. తరువాత సందులోకి వచ్చి నా ఎదుట నిలబడి, రిజిస్టరు మీద బెత్తంతో కొడుతూ, "ఆరడుగుల మనిషిని చూడలేనివాడు మేకను ఏం చూస్తాడు? నీ గురించి నేనేం రాయాలి?" అని మొదలుపెట్టారు. నా గడియారం ప్రకారం అది నాలుగు నిమిషాలు సాగింది. అయిదు రోజుల సంగతి కాదు, ఆ సాయంత్రమే సత్తెనపల్లి బస్సెక్కాలని నిశ్చయించుకున్నాను.

అప్పుడు కంబళి తాత దగ్గాడు.

"దొరా, కోప్పడనంటే ఒక మాట. నా మేకలు రెండూ తాడు తెంపుకున్నయ్. లోపలికి పోయినయ్."

"ఎప్పుడు?"

"ఇప్పుడే, తమరు కేకలేస్తా ఉంటే. తమ కాళ్ళ పక్కనించే. ఒకటి బెత్తం వాసన చూసి మరీ పోయింది."

"చూస్తూ ఊరుకున్నావా?"

"పెద్దోళ్ళు మాట్టాడేటప్పుడు అడ్డం రావడం మర్యాద గాదని..."

తుమ్మకు మూరెడు తాడు మాత్రమే వేలాడుతోంది. మేక దాటితే మందనంతా వెనక్కి తోలాలన్నది నిబంధన. అది తెలిసీ తాత నోరు విప్పాడు. నా మొహం చూడలేకనే విప్పాడని నా అభిప్రాయం, ఆధారం మాత్రం లేదు. రేంజరుగారు తాడును చూశారు, బెత్తాన్ని చూశారు, టోపీ తీసి తల తుడుచుకున్నారు. "ముందు వాటిని బయటికి తోలు" అన్నారు తాతతో. నిబంధన మాట ఎత్తలేదు. తొమ్మిది గంటల పది నిమిషాలకు మేకలు బయటికి వచ్చాయి. శనివారం నా కాగితం మీద ఆయన ఇలా రాశారు: "ఇతని లెక్క సరిగా ఉన్నది." చూపు గురించి ఒక్క మాటా రాయలేదు.

మెదడు వైద్యం చదివే మా మనవరాలు ఈ కథ విని, "అది మీ తప్పు కాదు తాతయ్యా" అంది. కంటి ముందు అనేక వస్తువులు పోటీ పడితే, మెదడు మనం వెతికే గుర్తు ఉన్నవాటికే బలమిచ్చి, మిగిలినవాటిని అణచివేస్తుందట. కావచ్చు. ఆ రాయి మీద కూర్చున్న కుర్రవాడికి ఎవరైనా ఈ సంగతి చెప్పి ఉంటే, తోకల మీద నుంచి చూపు తిప్పకుండానే తల ఊపి ఉండేవాడు.

ఆ ఉదయం దడి దాటినవి గొర్రెలు మూడు వందల పన్నెండు, మేకలు రెండు, రేంజరు ఒకరు. వెరసి మూడు వందల పదిహేను తలలు. నేను చూసినవి మూడు వందల పన్నెండు. కంబళి తాత చూసినవి మూడు వందల పదిహేను.