బాన్సువాడ బావల ముచ్చట్లు

1974 ఫిబ్రవరిలో నాకు బాన్సువాడ డ్యూటీ పడింది. అప్పటికి హైదరాబాదులో రేడియో ఉద్యోగంలో ఉన్నాను. గ్రామీణ కార్యక్రమాల విభాగంలో ప్రోగ్రాం ఎగ్జిక్యూటివ్ హోదా. పేరు పెద్దదే. పని మాత్రం ఊళ్ళు తిరిగి మాట్లాడేవాళ్ళను వెతకడం, వాళ్ళ మాటలు టేపు మీదికి ఎక్కించడం, తిరిగొచ్చి ఆ టేపును కోసి అతికించడం. నాతో పాటు రికార్డింగు చూసే ఖాదర్ గారు వచ్చారు. ఆయన భుజానికి వేలాడే యంత్రం చిన్న ట్రంకుపెట్టెంత బరువుండేది. దాన్ని ఆయన ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవారు కాదు.

రుద్రూర్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పనిచేసే ఒక అధికారి అంతకుముందు చెరకు సాగు మీద మాట్లాడటానికి మా స్టూడియోకి వచ్చినప్పుడు ఇద్దరు మనుషుల సంగతి చెప్పారు. ఒకడు మల్లయ్య, పిట్టల దొర వేషం కట్టేవాడు. ఖాకీ కోటు, చెక్క తుపాకి, నెత్తి మీద పాత టోపీతో అంగడిలో నిలబడి కోతలు కోసి నవ్వించడం అతని వృత్తి. రెండోవాడు వెంకట్రావు. కాలువ నీళ్ళ కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతు కుటుంబం. బాన్సువాడ బస్టాండు దగ్గర పంపుసెట్ల రిపేరు షాపు నడిపేవాడు. సాయంత్రం అయ్యేసరికి మల్లయ్య ఆ షాపు ముందు కూర్చునేవాడట. ఇద్దరూ చందమామ మీద దిగిన మనిషి దగ్గర నుంచి ప్లాస్టిక్ బకెట్ల దాకా ఏదో ఒకటి పట్టుకుని వాదించుకుంటుంటే, బస్సు దిగినవాళ్ళు ఇళ్ళకు పోకుండా నిలబడి వినేవారట. ఒకరినొకరు 'బావా' అని పిలుచుకునేవారు. చుట్టరికం ఏమీ లేదు.

ఈ కాలపు వింతల మీద వీళ్ళిద్దరి చేత కాసేపు మాట్లాడిస్తే బాగుంటుందని నేను ప్రతిపాదన పెట్టాను. ఆ రోజుల్లో రేడియోలో మాట అనేది ముందు కాగితం మీద ఉండాలి. స్క్రిప్టు రాయాలి, పై అధికారి చదివి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే రికార్డింగు. హాస్యమైతే ఇంకో రెండుసార్లు చదివేవారు. రుద్రూర్ అధికారి చెప్పిన నాలుగు మాటలు ఆధారం చేసుకుని నేనే స్క్రిప్టు రాసి సంతకం చేయించుకున్నాను. మల్లయ్యకు కబురు పంపితే, ఇద్దరం సిద్ధంగా ఉన్నామని జవాబు వచ్చింది.

మేము బస్సు దిగేసరికి మల్లయ్య ఒక్కడే ఉన్నాడు. వేషం లేకుండా చూస్తే సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. రిపేరు షాపు తలుపులు మూసి ఉన్నాయి. వెంకట్రావు ఏడని అడిగాను.

"ఇంటికాడ ఉన్నడు మేడం. మనమే పోదాం. గాడనే మంచిగుంటది" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు.

వెంకట్రావు ఇల్లు ఊరి బయట క్యాంపులో ఉంది. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న వాడల్ని అక్కడ క్యాంపులంటారు. వెంకట్రావు మర్యాదగా లేచి కుర్చీలు వేశాడు. మంచినీళ్ళు తేవడానికి పక్కింటావిడ వచ్చింది. ఆవిడ నన్ను లోపలికి పిలిచి, గోడ మీద దండ వేసిన ఫొటో చూపించి, గొంతు తగ్గించి సంగతి చెప్పింది. వెంకట్రావు భార్య సీతమ్మ దసరా ముందు జ్వరంతో దవాఖానలో పోయింది. ఆ తర్వాత ఆయన షాపు తెరవలేదు. అడిగినదానికి జవాబు చెబుతాడు, అంతే. తనంతట తాను ఒక్క మాట మాట్లాడి నెలలవుతోంది.

బయటికి వచ్చి మల్లయ్యను పక్కకు పిలిచాను. ఇంత విషయం ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే మీరు రారు గద మేడం" అన్నాడు. "నేను రోజు వస్తున్న. కూసుంట, పోత. మా బావ మాట్లాడతలేడు. రేడియోవాళ్ళు పట్నం నుంచి వస్తున్నరంటే కాదనలేడని ఆశపడ్డ."

నాకు కోపం రావాల్సిందే. ఎందుకో రాలేదు. కానీ ఉద్యోగపరంగా చూస్తే అది ఇబ్బందే. ప్రయాణానికి అనుమతి తీసుకున్నాం, ప్రసారానికి తేదీ వేశాం. వెంకట్రావు దగ్గరికి వెళ్ళి, మీకు ఇష్టం లేకపోతే రికార్డింగు మానుకుని వెళ్ళిపోతామని చెప్పాను.

"అంత దూరం నుంచి వచ్చారు. రాసిచ్చింది చదవమంటే చదువుతానండి. ఇదివరకటి మాటలు మాత్రం నా దగ్గర లేవు" అన్నాడు.

సరేనన్నాను. మల్లయ్యకు చదువు రాదు కాబట్టి అతని వాక్యాలు ముందే వినిపించి కంఠతా పట్టించాం. వరండాలో దుప్పటి పరిచాం. చప్పుడు తిరిగి కొట్టకుండా గోడకు మరో దుప్పటి కట్టాం. ఖాదర్ గారు మైకును ఇద్దరి ముందూ నిలబెట్టి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకున్నారు. మొదలుపెట్టమని చెయ్యి ఊపాను.

అంత చచ్చు రికార్డింగు నా సర్వీసులో ఇంకొకటి లేదు. వెంకట్రావు రేషన్ షాపు బోర్డు చదివినట్టు చదివాడు. అంగడిలో వేలమందిని గొంతెత్తి నవ్వించిన మల్లయ్య ఆ ఇనప కడ్డీని చూసి బిగుసుకుపోయాడు. నేను రాసిన హాస్యం వాళ్ళిద్దరి నోట్లో సర్కారు ప్రకటనలా వినిపించింది. ఖాదర్ గారు నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు మల్లయ్య మైకును వదిలేసి, పూర్తిగా పక్కకు తిరిగి వెంకట్రావు మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. రెండు వాక్యాలు సరిగ్గానే అన్నాడు. మూడోదానికి దారి తప్పాడు.

"బావా, గీ కరెంటు అంటే ఏంది? నీళ్ళను మరగబెట్టి, మరగబెట్టి, దారమంత సన్నగ చేసి తీగల పోస్తరట గదా."

అది స్క్రిప్టులో లేదు. వెంకట్రావు కాగితంలో ఆ వాక్యం కోసం వెతికాడు. కనపడలేదు.

"గందుకే మోటరు కాలినప్పుడు ఆవిరి వస్తది" అన్నాడు మల్లయ్య గంభీరంగా.

పాతికేళ్ళుగా మోటార్లు విప్పుతున్న మనిషి ఆ మాట విని ఊరుకోలేకపోయాడు. "ఆవిరి కాదయ్యా, అది లోపలి తీగచుట్టకు పూసిన వార్నిష్ కాలిన పొగ" అన్నాడు.

"ఏదైతేంది. స్విచ్చు ఈడ ఏస్తే మోటరు ఆడ తిరుగుతది. మా ఇంట్ల నేను ఎంత మొత్తుకున్నా పక్కనున్న మా ఆమె గూడ ఇటు తిరగదు."

"దానికి వైరింగు సరిగ్గా ఉండాలి బావా."

ఖాదర్ గారు యంత్రం ఆపబోతే, ఆపొద్దని సైగ చేశాను. స్క్రిప్టు కాగితాలు వెంకట్రావు చేతిలోంచి మెల్లగా తీసుకున్నాను. కాగితాల గరగర టేపు మీద పడకూడదన్నది పైకి కారణం. ఆయన గమనించను కూడా లేదు.

అక్కడి నుంచి వాళ్ళు చందమామ మీదికి పోయారు. ఆడ భూమి పట్టా ఎవరి పేరు మీదున్నదని మల్లయ్య అడిగాడు. పట్వారీ ఇంకా అక్కడికి చేరుకోలేదని వెంకట్రావు చెప్పాడు. గందుకే గంత సాఫుగ ఉన్నదన్నాడు మల్లయ్య. ఒక కాలువ గానీ ఉండి ఉంటే మీ కోస్తావాళ్ళు ఈపాటికి చందమామ మీద గూడ క్యాంపు ఏస్తుంటిరి అన్నాడు. అప్పుడు మొదటి టీకొట్టు ఎవరు పెడతారన్న దాని మీద ఇద్దరూ తగువు పడ్డారు. తర్వాత మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న జుక్కల్ దగ్గర పుట్టిందని చెప్పుకుంటున్న రెండు తలల దూడ వచ్చింది.

"ఒక తల మరాఠీల అరుస్తది, ఒక తల కన్నడంల అరుస్తది" అన్నాడు మల్లయ్య.

"మరి తెలుగో?"

"ఆకలైతే రెండు తలలకు తెలుగే."

క్యాంపులో ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వాకిట్లో నిలబడ్డారు. నవ్వు వినపడకుండా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు మల్లయ్య, నేనైతే ఎన్నటికీ అడిగి ఉండని ప్రశ్న అడిగాడు.

"బావా, మొదటిసారి ట్రాన్సిస్టర్ కొన్నప్పుడు అక్క ఏమన్నది?"

వెంకట్రావు ఆగిపోయాడు. టేపు తిరుగుతూనే ఉంది. ఎక్కడో పంపుసెట్టు కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఖాదర్ గారు నా వైపు చూశారు. నేను కదల్లేదు. మల్లయ్య కూడా కదల్లేదు, ఇంకో మాట అందించలేదు.

"సీతమ్మ దాని ముందు కాళ్ళు చాపుకుని కూర్చునేది కాదు" అన్నాడు వెంకట్రావు చివరికి. "ఎవరో పెద్దమనిషి మాట్లాడుతుంటే మర్యాద కాదనేది. వార్తలు చదివే ఆయన నమస్కారం అనగానే తనూ నమస్కారం పెట్టేది. ఒకరోజు ఆయనకు జలుబు చేసింది, గొంతు పూడుకుపోయింది. మిరియాల కషాయం కాచి గ్లాసులో పోసి తెచ్చి ట్రాన్సిస్టర్ పక్కన పెట్టింది. ఇదేంటే, ఆయన హైదరాబాదులో ఉన్నాడు అన్నాను. మాట ఇక్కడిదాకా వచ్చినప్పుడు వాసన అక్కడిదాకా పోదా అంది."

చెప్పి ఆయనే ముందు నవ్వాడు. నవ్వి, కండువాతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ నవ్వాడు. వాకిట్లో ఆడవాళ్ళు ఈసారి కొంగులు అడ్డం పెట్టుకోలేదు. మల్లయ్య మొహం అటు తిప్పుకుని, "మరి గా కషాయం ఎవరు తాగిండ్రు?" అని అడిగాడు.

"నేనే. నాకు అసలు జలుబే లేదు."

ఖాదర్ గారు టేపు అయిపోయిందని చెయ్యెత్తారు.

హైదరాబాదు వచ్చాక మా అసిస్టెంట్ స్టేషన్ డైరెక్టరుకు ఆ టేపు వినిపించాను. ఆయన రూల్సు మనిషి, కానీ చెవి ఉన్న మనిషి. మొత్తం విన్నారు. మూడు అభ్యంతరాలు చెప్పారు. మాటలు స్క్రిప్టులో లేవు. మధ్యలో అంత సేపు మౌనం ఉంది. ప్రసారంలో కొన్ని క్షణాలు చప్పుడు లేకపోతే డ్యూటీ ఆఫీసరు దాన్ని లోపంగా నమోదు చేయాలి. చనిపోయిన ఆవిడ పేరు వచ్చింది. మొదటిదానికి టేపు విని రాసుకున్న మాటల్నే స్క్రిప్టుగా పెడితే తాను సంతకం చేస్తానన్నారు. రెండోదానికి, అక్కడ కత్తెర వేస్తే తర్వాతి నవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో వినేవాళ్ళకు తెలియదని నేను వాదించాను. సగం మౌనం ఉంచి సగం కోయడానికి ఒప్పుకున్నాం. బ్లేడుతో టేపు కోసి అతికించేటప్పుడు నా చేతిలోకి వచ్చిన ఆ ముక్క రెండు మూరల కంటే ఎక్కువే ఉంది. మూడోదానికి మాత్రం ఆయన ఒక షరతు పెట్టారు. వెంకట్రావుకు వినిపించి, నోటితో సరేననిపించుకుని రావాలి.

తర్వాతి వారం రుద్రూర్‌లో వేరే పని పడింది. యంత్రం వెంటబెట్టుకుని బాన్సువాడ పోయాం. క్యాంపుకు వెళ్ళనవసరం లేకపోయింది. రిపేరు షాపు తెరిచి ఉంది. లోపల వెంకట్రావు ఒక మోటారు విప్పుకుని కూర్చున్నాడు. ముందు స్టూలు మీద మల్లయ్య ఖాకీ కోటుతో ఉన్నాడు. అక్కడే టేపు వేశాం. వెంకట్రావు చేతులు తుడుచుకుని తల వంచి విన్నాడు. అయిపోయాక, "అలాగే ఉంచండమ్మా" అన్నాడు. మళ్ళీ, "కషాయంలో అల్లం కూడా వేసింది. ఆ మాట మర్చిపోయాను" అన్నాడు.

"గది వచ్చే ముచ్చట్ల చెప్దువు" అన్నాడు మల్లయ్య.

వచ్చే ముచ్చట అన్నది అప్పటికి మా ప్రణాళికలో లేదు. ప్రసారం అయ్యాక వచ్చిన పోస్టుకార్డుల వల్ల అది తప్పలేదు. సగం కార్డులు రెండు తలల దూడ ఏ ఊళ్ళో ఉందో చెప్పమని అడిగాయి. ఆ తర్వాత నేను బదిలీ అయ్యేదాకా ఏటా రెండు మూడుసార్లు బాన్సువాడ వెళ్ళి ఆ షాపులోనే రికార్డు చేశాను. వెంకట్రావు మళ్ళీ కాగితం ముట్టుకోలేదు. మైకును వాళ్ళ ముందు కాకుండా ఇద్దరి మధ్య, మోకాళ్ళకంటే కిందికి పెట్టేవాళ్ళం.

తర్వాతి సంవత్సరాల్లో కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ ఇచ్చే బాధ్యత నాకు అప్పగించారు. మంచి వక్తను ఎలా గుర్తుపట్టాలని వాళ్ళు అడిగేవారు. ఊళ్ళోకి వెళ్ళి ఎవరు బాగా మాట్లాడతారని అడగకండి, ఎవరు ఎవరితో బాగా మాట్లాడతారని అడగండి, ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి మీరు పక్కకు జరగండి అని చెప్పేదాన్ని. నాకు తెలిసినంతలో ఆ పనిలో ముఖ్యమైనది అదే. మిగతాది యంత్రం చూసుకుంటుంది.