మేకుకు తగిలించిన నల్ల గ్రిప్పులు

మా మనవరాలి సైకిల్ పెడల్ ఏడాదిలో మూడోసారి విరిగింది. మూడూ ప్లాస్టిక్‌వే. ఈసారి చాపాడు నుంచి ప్రొద్దుటూరు కాలేజీకి పోతూ దారిలో పడి మోకాలు చీరుకుంది. ఇంకొక్కసారి ఇట్లా జరిగితే సైకిలూ వద్దు, కాలేజీ వద్దు అని వాళ్ళమ్మ తేల్చేసింది. ఆ పిల్ల చేసిన తప్పేంది? తొక్కింది. పెడల్ ఉండేది దానికే గదా.

నా చిన్నప్పుడు మా నాయనకు కడ్డీ బ్రేకుల సైకిల్ ఉండేది. క్యారియర్‌కు చీరల మూట కట్టుకొని ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పక్క పల్లెలకు పోయి అమ్ముకొచ్చేవాడు. హ్యాండిల్‌కు నల్ల రబ్బరు గ్రిప్పులు, ఆయన అరచేతుల చెమటకు నున్నగా అరిగి ఉండేవి. అప్పుడే బజారులోకి ఎర్ర ప్లాస్టిక్ గ్రిప్పులు దిగినాయి, చివర్న కుచ్చులతో. అవి కావాలని నేను రెండు పూటలు అన్నం ముట్టలేదు. నాయన విసిగి సరేనన్నాడు.

మా సైకిల్ బాగుచేసేది ఒక సాయిబు. నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆయన అంగట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్తది వేసేటప్పుడు ఊడదీసిన పాత సామాను పారేసేవాడు కాదు. ఎవరిది వాళ్ళకని గోడకు ఒక మేకు కొట్టి తగిలించేవాడు. మా నల్ల గ్రిప్పులు తగిలిస్తాంటే నేను నవ్వి, వాటికి దండ గూడా వెయ్యి మామా అన్నాను. ఆయన కూడా నవ్వినాడు.

ఎండాకాలం వచ్చింది. మా పక్క ఎండకు ఆ ప్లాస్టిక్ గట్టిపడి, వదులై, హ్యాండిల్ మీద గిరగిర తిరగసాగింది. నా ముచ్చట చెడగొట్టడం ఇష్టంలేక నాయన నోరు మెదపలేదు. ఒకరోజు జమ్మలమడుగు దగ్గర పెన్నలోకి దిగే దారిలో గ్రిప్పు చేతికే ఊడొచ్చింది. నాయన మోచేయి కొట్టుకుపోయింది. మూట పోయి కంపచెట్ల మీద పడి, చీరలు చినిగినాయి.

మరుసటి రోజు తల వంచుకొని సైకిల్ నడిపించుకుంటూ పోయినాను. మామ నన్ను చూసి లేచినాడు. మేకు మీది నల్ల గ్రిప్పులు తీసి, నీళ్ళలో ముంచి, బిగుతుగా ఎక్కించినాడు. కుచ్చుల సంగతి ఎత్తుతాడేమోనని బిక్కచచ్చి నిలబడినాను. ఆయన ఒక్క మాటే అన్నాడు: "నువ్వు వస్తావని తెలుసప్పా. తప్పు చేసినోడు మళ్ళా వస్తే చేతికి ఏదో ఒకటి ఇయ్యాల గదా."

నేను చదివింది ఐదో తరగతి. తక్కినదంతా పొట్లాల కాగితాలు చదివి నేర్చుకున్నదే. ఆ కాగితాల్లో యాడా దొరకని మాట అది. ఈనాటికీ మా ఇంట్లో పాతదాన్ని కొత్తది వచ్చినరోజే పారేయనియ్యను. తప్పుచేసి వచ్చిన మనిషిని గూడా ఉత్త చేతులతో పంపను.

ఇప్పుడు మామ లేడు. ఆయన మనవడు కువైట్ నుంచి వచ్చి అదే అంగడి నడుపుతాండాడు. విరిగిన మూడు పెడళ్ళూ సంచిలో వేసుకొని పోయి గట్టిగానే అడిగినాను. ఇనుపది వెయ్యమన్నాను. ఈ సైకిల్‌కు పెడల్ బిగించే మర చుట్లు వేరు, ఇనుపది పట్టదన్నాడు. పోనీ విరిగినదాన్నే అతకమన్నాను. ఇప్పేదానికి నట్టు లేదు, అతికినా బరువు నిలవదన్నాడు. సైకిల్ చేసినోళ్ళకు రెండు ఉత్తరాలు రాస్తినే, జవాబే రాలేదే అని ఆ మనవడి మీదే అరిచినాను. వేరే దారి లేక నాలుగో ప్లాస్టిక్ పెడల్ బిగిస్తాండాడు. రేపు పొద్దున ఆ పిల్ల కాలు పెట్టేది దాని మీదే. నాకు కడుపు మండి, మీ తాత అయితే ఇట్లా చేసేవాడేనా అని మూడుసార్లు అడిగినాను. మూడోసారికి పానా కింద పెట్టి, నా సంచి వైపు చూసి అన్నాడు:

"మా తాత కొట్టిన మేకులు గోడకు అట్లే ఉండాయి చూడు పెద్దాయనా. తగిలించేదానికి పనికొచ్చేది ఒక్కటి తెచ్చియ్యి, ఇప్పుడే తగిలిస్తా."