ఎడ్విన్ అంకుల్ ఆపేసిన టేపు

సెలెరీ కాడ విరిచినప్పుడు లేచే పచ్చివాసన ఇప్పటికీ నన్ను నేపర్‌విల్‌లోని మా పక్కింటి బేస్‌మెంట్‌కి తీసుకుపోతుంది. అక్కడ ఎడ్విన్ అంకుల్ ఉండేవారు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఇంగ్లండ్‌లో ఆరు దెయ్యం సినిమాలు తీసి, అవి ఆడక, ముసలితనంలో కూతురి దగ్గరికి వచ్చి చేరిన మనిషి. ఏళ్లు గడిచాక ఎక్కడెక్కడి కుర్రకారో వాటికి వీరాభిమానులై ఉత్తరాలు రాసేవారు. ఆయన విప్పేవారు కాదు.

అది రెండు వేల ఒకటి, నాకు పదకొండేళ్లు. మేపుల్ ఆకులు రాలే ఆ సాయంత్రాల్లో, దసరాకి అమ్మ పంపిన పులిహోర ఇద్దరం తింటూ, సినిమాల్లో ఎముక విరిగిన చప్పుడు ఎలా పుట్టిస్తారో చూడ్డానికి సెలెరీ విరుస్తూ, మొక్కజొన్న పాకంలో ఎర్రరంగు కలిపి నెత్తురు చేస్తూ గడిపేవాళ్లం. "దెయ్యాన్ని చూపించకు, చూసినవాళ్ల మొహం చూపించు" అనేవారు ఇంగ్లిష్‌లో. ఆయన సినిమాల్లో దెయ్యం కనిపించదు. ఒక తలుపు, నాలుగు మెట్లు, ఆగి వినే మనిషి, అంతే.

ఆ శీతాకాలం నాన్న ఉద్యోగం పోయింది. త్వరగా ఇంకోటి దొరక్కపోతే వీసా పోతుంది, దేశం వదలాలి. ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఒకరోజు నాన్న ఫోన్‌లో ఎవరినో బతిమాలుతుంటే, చేతిలో గరిట గాల్లోనే ఆపేసి వింటున్న అమ్మని, అంకుల్ ఇచ్చిన కెమెరాతో తలుపు చాటునుంచి వీడియో తీశాను. మర్నాడు అంకుల్‌కి గర్వంగా చూపించాను.

ఆయన సగంలోనే టేపు ఆపేశారు. ఆయన సినిమాల్లో ఒక నటి భయంతో పెట్టే కేక ఒకటుంది, అభిమానులంతా దాని గురించే చెప్పుకుంటారు. దానికోసం ముందుగా చెప్పకుండా ఆమెని నేలమాళిగలో పెట్టి తాళం వేశానని అప్పుడు చెప్పారు. ఆమె మళ్లీ ఏ సినిమాలోనూ నటించలేదు.

"ఆ కేక నటన కాదు. నాకు తెలుసు" అన్నారు. "ఇది మీ అమ్మకి చూపించు. ఉంచాలో వద్దో ఆవిడే చెప్పాలి."

అమ్మ నిలబడే చూసింది. "నా మొహం ఇట్లా ఉంటోందా?" అంది. నా వైపు తిరిగి, "తీసెయ్ తల్లీ. నాన్న చూస్తే తట్టుకోలేరు" అంది. ఆమె ఎదుటే చెరిపేశాను. ఆ తర్వాత అమ్మ నన్ను ఆ ఇంటికి పంపలేదు.

వసంతంలో నాన్నకి దూరంగా, వేరే రాష్ట్రంలో ఉన్న ఆష్‌బర్న్‌లో ఉద్యోగం దొరికింది. సామాను ట్రక్కెక్కిస్తుంటే అంకుల్ కిటికీలోంచి చెయ్యెత్తారు. అమ్మ చూస్తోందని నేను ఎత్తలేదు. రెండేళ్లకి ఆయన పోయారని తెలిసింది.

ఈ మధ్య ఆయన సినిమా థియేటర్‌లో వేస్తే వెళ్లాను. ఆ కేక రాగానే హాలంతా చప్పట్లు. లేచి బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను, ఆ శీతాకాలం సంగతి ఎత్తాను.

"అప్పుడు మనకేమైందే? బానే ఉన్నాంగా" అంది అమ్మ.

ఆ టేపు చూసినవాళ్లం ముగ్గురం. అంకుల్ లేరు. అమ్మ మర్చిపోయిందో, మర్చిపోయినట్టు మాట్లాడుతోందో అడగలేక, "అవునమ్మా, బానే ఉన్నాం" అన్నాను.