బావ పేంటు రంగు

మా అక్క మొగుడు భోగాపురం దగ్గర వలలు లాగి పెరిగిన మనిషి. అరవైల చివర విశాఖలో సరుకు ఓడ మీద కళాసీగా చేరి, మొదటి సెలవుకి ముదురు నీలం జీన్స్ పేంటుతో వచ్చాడు. నేల మీద నిలబెడితే నిలబడేంత బిరుసు గుడ్డ అది.

ఇంట్లో ఉన్నన్నాళ్ళూ బావకి దాన్ని ఉతకడమే పని. బట్టల సోడా వేసి ఉడకబెట్టేవాడు, నూతి దగ్గర బండకేసి బాదేవాడు. ఆరాక ఎండకి ఎత్తి పట్టుకుని, రంగు ఎంత వెలిసిందో చూసుకునేవాడు.

"కొత్త గుడ్డని ఎందుకలా సంపేస్తన్నావు మావా?" అని అక్క ఒకరోజు నిలదీసింది.

బావ తల దించుకున్నాడు. "ఓడలో అందరి పేంట్లూ యెలిసిపోయి ఉంతాయే. నాదొక్కటే కొత్తది. అది సూసి నిన్నకాక మొన్నొచ్చిన పచ్చి కళాసీ అని నవ్వుతన్నారు."

అక్క పేంటు అందుకుని తిరగేసింది. సోడాకి అది నడుము నుంచి కాళ్ళ దాకా ఒకేలా కాస్త పాలిపోయింది.

"ఉతికి యెలిసింది ఇట్టే తెలిసిపోతాది. మా అయ్య నిక్కరు సూడు, కూకున్న కాడా వంగిన కాడా యెలిసింది. ఇది తొడుక్కుని అయ్యతో పడవెక్కు."

మిగిలిన సెలవంతా బావ ఆ పేంటుతోనే చేపల వేటకి వెళ్ళాడు. అది ఉప్పునీళ్ళలో తడిసి ఒంటిమీదే ఆరేది.

మళ్ళీ సెలవుకి వచ్చేసరికి పేంటు మోకాళ్ళు తెల్లబడ్డాయి, జేబుల అడుగున మాత్రం నీలం మిగిలింది. అక్క దాన్ని నీళ్ళలో నానబెట్టబోతే బావ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండవే. ఇప్పుడిప్పుడే నాదవతన్నాది."